రుక్కి వేసిన ఎనిమిది

పంచాయతీ సెక్రటరీ ఆయేషా స్కూటీని గట్టు మీద వదిలేసి మిరప చేలోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. చున్నీ కొమ్మలకు తగులుకుంటున్నా చూసుకోవడం లేదు.

"సాలమ్మక్కా! ఓ సాలమ్మక్కా! మన తండాకు అంబులెన్స్ అడగొచ్చు!"

కాయలు ఏరుతున్న ఆడవాళ్లంతా నడుములెత్తి చూశారు. సాలమ్మ రాళ్లవాగు తండాకు కొత్త సర్పంచ్. ఎన్నికల్లో గెలిచినా మిరప కోతలకు రావడం మానలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుంది.

"మన తొవ్వకు అంబులెన్సా? ట్రాక్టరే వాగుల దిగబడుతది కద మేడం."

"పెద్దది కాదక్కా, బైక్ అంబులెన్స్. మోటర్ సైకిలు పక్కన మనిషి పండేటంత పడక ఉంటది. అడవి అంచున, రోడ్డు సక్కగ లేని తండాలకు ఇస్తరంట. గీ ఒక్కసారే పైసలు మంజూరైనయి. మల్ల ఏడాదికి ఉండదు. నెలాఖరు శనివారం సాయంత్రం ఐదు గంటల లోపల కాగితాలన్నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె."

ఆయేషాది జనగామ. ఉద్యోగం కోసం గూడూరులో గది అద్దెకు తీసుకుని ఉంటోంది. ఈ తండాకు వచ్చి ఏడాది దాటింది. కిందటి వానాకాలంలో జరిగింది ఆమె కళ్లారా చూసింది. ప్రియ అనే అమ్మాయికి నొప్పులొస్తే అంబులెన్స్ వాగు అవతలే ఆగిపోయింది. ఊళ్లో మగవాళ్లు లేరు. అప్పుడు బీక్యా కోడలు రుక్కి, తన మొగుడి మోటర్ సైకిల్ బయటికి తీసి, ప్రియను మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నర్సు కల్యాణిని ఎక్కించుకుని, బురదలోంచి గూడూరు దవాఖానకు చేర్చింది. ఆ రోజు ప్రియకు పుట్టిన కొడుకు ఇప్పుడు చేను గట్టున చీర ఉయ్యాలలో నిద్రపోతున్నాడు.

"ఏమేం కాగితాలు గావాలె?" అని అడిగింది సాలమ్మ, బుట్ట పక్కన పెడుతూ.

"గ్రామసభ తీర్మానం. నర్సు కల్యాణి సంతకం. బండి పెట్టే జాగ ఫోటో. ఇంకా..." ఆయేషా ఫోను చూసి ఆగింది. "తోలే మనిషి పేరు. గేర్ బండి లైసెన్స్ ఉండాలె. గీ తండాలనే ఉండే మనిషై ఉండాలె."



* * *

మర్నాడు పొద్దున్నే బడి ముందర గ్రామసభ పెట్టారు. తీర్మానం రాయడానికి ఆయేషాకు ఎంతోసేపు పట్టలేదు. అందరూ ఒప్పుకునే సంగతే. బండి పెట్టడానికి అంగన్‌వాడీ పక్కనున్న రేకుల షెడ్డు ఇస్తామన్నారు. చిక్కంతా తోలే మనిషి దగ్గరే వచ్చింది. లైసెన్స్ ఉన్న మగవాళ్లలో కొందరు హైదరాబాదులో ఆటోలు నడుపుతున్నారు. కొందరు ఇళ్ల కట్టుబడి పనుల్లో ఉన్నారు. బీక్యా కొడుకు దినేశ్ భూపాలపల్లిలో బొగ్గు లారీ మీద కాంట్రాక్టు డ్రైవరు.

బీక్యా లేచి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ.

"మా దినేశ్ పేరు రాయుండ్రి. వాని ఆధార్ గిక్కడిదే, లైసెన్సూ ఉంది."

"దినేశన్న నెలకొకసారి వస్తడు. బండి ఎవలు తోలుతరు?" అంది ఆయేషా.

"ఎవలో ఒకలు తోలుతరు. ముందుగాల బండి రానీ."

"అట్ల కుదరదు బాపూ. చూసిపోనీకి ఆఫీసర్లు వస్తరు. తోలే మనిషిని నిలబెట్టి మాట్లాడతరు. అబద్ధం రాస్తె మన కాగితం పక్కన పడేస్తరు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది నేను."

ఆడవాళ్ల వరుసలో కూర్చున్న రుక్కి అరిచేతుల్లోని మిరప మంట చీరకు తుడుచుకుంటోంది. ఇంతమందిలో లేచి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. అయినా లేచింది.

"నా పేరు రాయుండ్రి."

అందరి తలలూ అటు తిరిగాయి.

"నాకు ఎల్ లైసెన్స్ ఉంది మేడం. దసరా ముంగట మా ఆయన తీయించిండు. పరీచ్చకే పోలే. ఇంక గడువున్నది. పరీచ్చ ఇస్త."

"నువ్వా?" అన్నాడు బీక్యా. "ఎవలకో ఏదో అయితే అర్ధరాత్రి పిలుస్తరు. వాగు పక్కన ఎలుగ్గొడ్లు తిరుగుతున్నయి. ఆడిదానివి ఒక్కదానివి పోతవా?"

రుక్కి తల దించుకుంది, కానీ కూర్చోలేదు. అప్పుడు ప్రియ కొడుకును భుజాన వేసుకుని లేచింది.

"పెదనాయినా, ఆ రోజు వదిన ఎలుగ్గొడ్డును చూసి ఆగుంటే వీడు ఉండునా? నేనుందునా?"

అంతే, ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. కొందరు తెలుగులో, కొందరు లంబాడీలో. సాలమ్మ రెండు చేతులూ ఎత్తి అందర్నీ ఆపాల్సి వచ్చింది. "రాయి మేడం! రుక్కి పేరు రాయి!" అని అరిచింది. ఆయేషా రాసింది. సంతకాలు, వేలిముద్రలు పడుతుంటే బీక్యా దూరంగా నిలబడి చుట్ట వెలిగించుకున్నాడు. చివరికి అందరూ అయిపోయాక వచ్చి తన వేలు కూడా ఇంకులో అద్దాడు.

* * *

రుక్కి ఆధార్ కార్డు చూసిన ఆయేషా నొసలు కొట్టుకుంది. దాని మీద పుట్టింటి చిరునామా ఉంది, నర్సింహులపేట మండలంలో ఒక తండా. పెళ్లయి ఇన్నేళ్లయినా మార్పించుకోలేదు. ఈ తండా మనిషేనని చూపించాలంటే తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువీకరణ పత్రం కావాలి. ఆ రోజే మీసేవలో దరఖాస్తు పెట్టారు.

మూడో రోజు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణకు వచ్చాడు. పెద్దవయసు మనిషి. వాగు దాటేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. మొదటి ఇంటి ముందు బండి ఆపి, "ఇక్కడ రుక్కి అని ఎవరన్నా ఉన్నరా?" అని అడిగాడో లేదో, ఆ ఇంటి ముసలమ్మ గట్టిగా కేకేసింది. పక్కింటావిడ బయటికొచ్చింది. రేషన్ దుకాణం ముందున్న వాళ్లూ వచ్చారు.

"రుక్కి మా వాడలనే ఉంటది సార్."

"గా పచ్చ తలుపుల ఇల్లు సార్."

"ఆమె పెండ్లికి నేను రొట్టెలు చేసిన సార్, రాసుకోండ్రి!"

"ఒక్కొక్కరు చెప్పండమ్మా," అంటూ ఆయన కాగితం మీద ఒక పేరు రాసేలోపు ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. సాలమ్మ ఆయనకు చాయ్ తెప్పించింది. ఆయన చాయ్ తాగి, "ఇంతమంది సాక్షులను నా సర్వీసుల చూడలే" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. రెండు రోజులకు పత్రం వచ్చింది. ఆయేషా దాన్ని ఫోనులో ఫోటో తీసి రుక్కికి పంపి, కింద పది నవ్వు బొమ్మలు పెట్టింది.

ఇక మిగిలింది లైసెన్స్ పరీక్ష. మహబూబాబాద్‌లో శుక్రవారానికి స్లాట్ దొరికింది. అంటే గడువుకు ముందు రోజు.

అక్కడ ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారిలో, కాలు కింద పెట్టకుండా బండి తిప్పాలని ఫోనులో చెప్పాడు దినేశ్. రుక్కి బురదలో నడిపింది, గుట్ట ఎక్కించింది. ఎనిమిది మాత్రం ఎప్పుడూ వేయలేదు. తండాలో చదునైన చోటు కల్లం ఒక్కటే. ఇప్పుడు దాని నిండా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. సాలమ్మ అందరితో మాట్లాడి, కాయల్ని అంచులకు జరిపించి, మధ్యలో ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది గీసింది.

మొదటి రోజు రుక్కి సగం ఎనిమిది తిరిగి, మలుపు అందక, నేరుగా మిరప కుప్పలోకి దూసుకుపోయింది. ఎర్రటి దుమ్ము లేచింది. చూడవచ్చిన వాళ్లంతా తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ, కళ్లు నులుముకుంటూ పరుగులు తీశారు. రుక్కి బండి మీదే కూర్చుని తుమ్ముతూ నవ్వింది. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి.

రెండో రోజు కాలు కింద పెట్టింది. మూడో రోజు కూడా పెట్టింది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా తిప్పుతూనే ఉంది. కాసేపటికి కల్లం అంచున బీక్యా కనిపించాడు. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నాడు.

"నేల దిక్కు చూస్తున్నవు. గందుకే పడుతున్నవు," అన్నాడు. "నాగలి పట్టినోడు కాళ్ల దిక్కు చూస్తే సాలు వంకర పోతది. ముంగటికి చూడు. బండి యాడికి పోవాల్నో ఆడికి చూడు."

రుక్కి తల ఎత్తింది. మలుపు చివరికి చూస్తూ క్లచ్ మెల్లగా వదిలింది. బండి ముగ్గు గీత వెంట తిరిగింది. మొదటి సున్న, మధ్యలో దాటడం, రెండో సున్న. కాలు నేలకు తగల్లేదు. మళ్లీ తిరిగింది. మళ్లీ.

"మామా! అయింది! చూసిండ్రా?"

"చూసిన," అన్నాడు బీక్యా. పోబోతూ ఆగి, "ఎవ్వలు పిలిచినా ఇంట్ల చెప్పి పో. చెప్పకుండ పోకు. గంతే," అన్నాడు.

ఆ రాత్రి రుక్కికి ఆనందంతో అన్నం తినాలనిపించలేదు.

* * *

శుక్రవారం పొద్దున దినేశ్ భూపాలపల్లి నుంచి బస్సుల్లో మహబూబాబాద్ చేరుకున్నాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, కనురెప్పల అంచుల్లో బొగ్గు నలుపు ఇంకా పోలేదు. రుక్కి బండి మీద, ఆయేషా స్కూటీ మీద గూడూరు నుంచి వచ్చారు. ముగ్గురూ కాగితాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డారు.

గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, ఒక దాని దగ్గర ఆగాడు.

"బండి ఇన్సూరెన్స్ పోయిన వారమే అయిపోయింది. ఈ బండి మీద పరీక్ష పెట్టరమ్మా."

రుక్కి మొగుడి వైపు చూసింది. దినేశ్ జేబులోంచి ఫోను తీశాడు. "అయ్యో, నా యాదిలనే లేదు రుక్కీ," అన్నాడు. "ఇప్పుడే ఫోన్ల కడత."

"కట్టినా రేపటి నుంచే చెల్లుతది," అన్నాడు గుమాస్తా. "వేరే బండి తెచ్చుకోండ్రి. మధ్యాహ్నం దాక టైముంది."

"నా స్కూటీ ఉంది!" అంది ఆయేషా. అన్న వెంటనే తనే తల కొట్టుకుంది. స్కూటీకి గేర్లు లేవు. దాని మీద పరీక్ష పాసైతే వచ్చేది గేర్ లేని బండి లైసెన్స్. దరఖాస్తుకు అది పనికిరాదు.

ముగ్గురూ గేటు బయటికి పరుగెత్తారు. దినేశ్ దారిన పోయే బళ్లను ఆపి అడగడం మొదలుపెట్టాడు. ఒకరు మాట వినకుండానే పోయారు. ఇంకొకరి దగ్గర బండి కాగితాలు లేవు. రోడ్డు పక్కన టైర్లకు పంక్చర్లు వేసే ఇస్మాయిల్ ఇదంతా చూస్తున్నాడు. నెరిసిన గడ్డం, చేతులకు గ్రీసు. ఆయేషాను పిలిచి దక్కనీ ఉర్దూలో ఏమైందని అడిగాడు. ఆమె గబగబా చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"నా బండి ఉంది బేటీ. కాగితాలు సాఫ్ ఉన్నయి. తీస్కపో."

"మీరు మమ్మల్ని ఎరగరు కద చాచా," అంది రుక్కి.

"అంబులెన్స్ తోలనీకి అంటున్నవు. ఎరుగుడు గిరుగుడు ఎందుకు? కానీ జర జాగ్రత్త. మీ బండికి గేర్లన్నీ ముందుకే పడతయి కద. దీనికి మొదటిది కిందికి, కడమయి పైకి. బరువు కూడ ఎక్కువనే. నాలుగు సార్లు గీ సందుల తిప్పుకో."

రుక్కి ఆ సందులో అటూ ఇటూ తిప్పింది. రెండుసార్లు బండి ఆగిపోయింది. ఇస్మాయిల్ పక్కనే నడుస్తూ, "క్లచ్ మెల్లగ, మెల్లగ. షాబాష్!" అంటున్నాడు. ఇంతలో లోపలి నుంచి పేరు పిలిచారు.

ట్రాక్ మీద ఎనిమిది తెల్ల రంగుతో గీసి ఉంది. కల్లంలో దానికంటే ఇరుకుగా కనిపించింది. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టర్ గొడుగు కింద కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపాడు. ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్లలో చీర కట్టుకున్న మనిషి రుక్కి ఒక్కతే. కొంగు నడుముకు బిగించింది. కంచె అవతల దినేశ్, ఆయేషా, ఇస్మాయిల్ ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు.

బండి కదిలింది. మొదటి మలుపులో ఆ బరువు ఒక పక్కకు లాగింది. కాలు దిగబోయింది. రుక్కి నేల చూడలేదు. మలుపు చివరికి చూసింది. బండి లేచి నిలబడింది. మధ్య గీత దాటింది. రెండో సున్న సగంలో ఇంజను గురగురమని ఆగిపోయేటట్టయింది. మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చింది. తిరిగింది. మొదలుపెట్టిన చోటికి వచ్చి బ్రేకు వేసి, అప్పుడు కాలు కింద పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద ఏదో రాసి, "పాసయినవమ్మా, పో" అన్నాడు.

కంచె అవతల ఆయేషా ఎగిరి గంతేసింది. ఇస్మాయిల్ తన బండే పరీక్ష పాసైనట్టు పక్కవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. రుక్కి బయటికి రాగానే దినేశ్ ఆమె చేతులు రెండూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

* * *

అయినా పని పూర్తి కాలేదు. లైసెన్స్ నంబరు రుక్కి ఫోనుకు మెసేజ్‌గా రావాలి. ఆ నంబరు వేస్తే తప్ప దరఖాస్తు ముందుకు పోదు. శనివారం ఆయేషా గూడూరులో కంప్యూటర్ ముందు కూర్చుంది. మిగతా కాగితాలన్నీ ఎక్కించేసింది. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది.

తండాలో సిగ్నల్ అందేది నీళ్ల ట్యాంకు మెట్ల మీద మాత్రమే. రుక్కి పొద్దున్నుంచి అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. కోతలకు పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చి ట్యాంకు కింద చేరారు. సాలమ్మ పైకీ కిందికీ తిరుగుతోంది. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "రాలే అత్తా!"

నాలుగు దాటాక ఫోను మోగింది. మెసేజ్ చూసి రుక్కి కేక పెట్టింది. కేక విని కింద అందరూ కేకలు పెట్టారు. ఆమె ఆయేషాకు ఫోను చేసి ఒక్కొక్క అంకె చదివింది. ఆమె చదివిన ప్రతి అంకెనూ కింద నిలబడ్డవాళ్లంతా గట్టిగా పలికారు.

"వాళ్లను జర ఊకోమను రుక్కీ! ఏది నువ్వు చెప్పింది, ఏది వాళ్లు అన్నది!" అని అవతల ఆయేషా నవ్వుతూ అరిచింది.

మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి పిల్లలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అవతల కీబోర్డు టకటకలు వినపడ్డాయి. తర్వాత ఆయేషా గొంతు వచ్చింది.

"పోయింది. దరఖాస్తు పోయింది! వాళ్లకు ముట్టింది!"

* * *

చూసిపోవడానికి వచ్చిన ఆఫీసర్లు షెడ్డు చూశారు, వాగు చూశారు, రుక్కితో మాట్లాడారు. ఆమె వెనక కూర్చుని ఒకాయన వాగు దాకా పోయి వచ్చాడు కూడా. మిరప కోతలు ముగిసే నాటికి మంజూరైన తండాల జాబితా వచ్చింది. రాళ్లవాగు పేరు అందులో ఉంది.

బండిని మహబూబాబాద్ నుంచి రుక్కే నడుపుకుంటూ తీసుకొచ్చింది. పక్కన పడక, దాని మీద తెల్లటి గుడారం, ముందు ఎర్ర దీపం. పక్క బరువుతో హ్యాండిలు ఒక వైపు లాగేస్తుంటే మొదట్లో భయమేసింది. గూడూరు వచ్చేసరికి అలవాటైంది. తండాలో డప్పులు సిద్ధంగా ఉన్నాయి. షెడ్డు ముందు బండికి పసుపు రాసి, బంతిపూల దండ వేశారు. సాలమ్మ కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది.

అప్పుడే నర్సు కల్యాణి ఫోను చెవి దగ్గర పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"రుక్కీ! పక్కూళ్లె తాటిచెట్టు మీదికెల్లి కాటమయ్య తాత పడ్డడంట! కాలు ఇరిగినట్టుంది. ఇంకో దెబ్బ యాడ తాకిందో ఏమో!"

డప్పులు ఆగిపోయాయి. రుక్కి అప్పటికే బండి మీద ఉంది. "మామా, పోయొస్త!" అని ఒక్క కేక వేసింది. కల్యాణి వెనక ఎక్కింది. దండతోనే బండి వాగులోకి దిగింది.

గీత కార్మికుడు కాటమయ్య చెట్టు మొదట్లో పడుకుని ఉన్నాడు. తెలివితోనే ఉన్నాడు. కల్యాణి కాలికి బద్దలు కట్టింది. నలుగురు పట్టి పడక మీదికి చేర్చారు. దారి పొడవునా ఆయన మూలుగుతూ, మధ్యమధ్య, "బిడ్డా, ఇంక జర జల్ది తోలరాదే" అంటున్నాడు. రుక్కి గుంతలు తప్పిస్తూ, గట్లు పక్కకు వదులుతూ, ముందుకే చూస్తూ నడిపింది.

దవాఖానలో డాక్టర్ చూసి బయటికి వచ్చింది. "తలకు ఏం కాలేదు. కాలే ఇరిగింది. మంచిగ కట్టి తెచ్చిండ్రు. మహబూబాబాద్ పంపుతున్నం, భయం లేదు," అంది.

కల్యాణి రుక్కి భుజం పట్టుకుని రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్లింది. రెండు ప్లేట్లు చెప్పింది.

"ఆకలైతున్నదా?"

"మస్తు అయితున్నదక్కా," అంది రుక్కి, వేడి బజ్జీ నోట్లో పెట్టుకుని. ఫోను మోగింది. సాలమ్మ.

"తాత ఎట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు అత్తా. భయం లేదన్నరు."

అవతల సాలమ్మ వెనక్కి తిరిగి ఆ మాట అందరికీ అరిచి చెప్పడం, వాళ్లంతా హోరెత్తడం రుక్కికి వినిపించింది. తర్వాత మళ్లీ సాలమ్మ గొంతు వచ్చింది.

"కొబ్బరికాయ కొట్టకముందే తీస్కపోతివి. నేను చేతిల పట్టుకొని గట్లనే నిలబడ్డ. జల్ది రా, ఎవ్వలు ఇంటికి పోలే!"